ఆహారం గురించి రాయాలనుకునేవారు పొలం పని, మాంసం కోత, చీజ్ తయారీ ఎలా నేర్చుకోవాలి

రాయడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో నేను ఒక చీజ్ గురించి రాస్తూ, లోపల నిలువునా చీలి, చెడిపోయిన వెన్న వాసన వేస్తున్న ఆ దిమ్మకు, దాన్ని మాగబెట్టిన గదిలోని అశుభ్రతే కారణమని నిర్ధారణగా రాసేశాను. ఆ మాట తప్పని తెలుసుకోవడానికి పశువుల పాకలో ఒక చలికాలం గడపవలసి వచ్చింది. దోషం గదిలో లేదు, మేతలో ఉంది. సైలేజీలో, అంటే గాలి చొరకుండా పాతర వేసి పులియబెట్టిన పచ్చిమేతలో, మట్టి కలిసినా పులియడం సరిగా సాగకపోయినా క్లోస్ట్రీడియం జాతి బాక్టీరియా పెరిగి బీజాలు కడుతుంది. ఆ బీజాలు పశువు పేగుల గుండా పేడలోకి, పేడ నుంచి సరిగా తుడవని పొదుగు మీదికి, అక్కడి నుంచి పాలలోకి చేరతాయి. క్రిములను చంపడానికి పాలను వేడిచేసే పాశ్చరైజేషన్‌కు కూడా అవి చావవు. వారాలు గడిచాక చీజ్ లోపల వాయువు పుట్టించి దిమ్మను చీల్చేది అవే. ఇటలీ పార్మిజానో రెజ్జానో, స్విట్జర్లాండ్ గ్రుయేర్ చీజ్‌ల నియమావళులు పశువులకు సైలేజీ పెట్టకూడదని శాసించడం వెనుక ఉన్న ముఖ్యమైన కారణం ఇది.

రుచి చూసి రాయడం ఎవరికైనా అలవడుతుంది. ఆ రుచికి కారణం ఎక్కడ మొదలైందో చెప్పడానికి మాత్రం పొలం, మాంసం బల్ల, చీజ్ గది మూడింటిలోనూ చేతులు పెట్టి ఉండాలి. ఇవి పైకి మూడు వృత్తులుగా కనిపిస్తాయి కానీ నిజానికి ఒకే పశువు చుట్టూ తిరిగే ఒకే లెక్క. ఆవు ఈనితేనే పాలు వస్తాయి. ఈనిన దూడల్లో ఇంచుమించు సగం మగవి, అవి పాలివ్వవు. దూడ నాలుగో పొట్ట లోపలి పొరలో ఉండే ఎంజైమే శతాబ్దాలుగా పాలను గట్టిపరచి చీజ్‌గా మార్చిన రెన్నెట్. చీజ్ తీశాక మిగిలిన పాల తేట మళ్లీ పశువులకు ఆహారమవుతుంది. ఈ లెక్కలో ఒక్క అంకెనే చూసి రాసేవారు తెలియకుండానే అసత్యం రాస్తారు. అందుకే ఈ మూడు పనులను ఏ వరుసలో, ఎంత లోతుగా, ఏయే జాగ్రత్తలతో నేర్చుకోవాలో నా అనుభవం మేరకు ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట పొలం

పొలంతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే మిగిలిన రెండు పనుల్లో ఎదురయ్యే ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే ఉంటుంది. ఒక పూర్తి సంవత్సరం ఉండగలిగితే అంతకంటే మంచిది లేదు. అది వీలుకాకపోతే ఒకే పొలానికి ప్రతి రుతువులోనూ ఒకసారి వెళ్లి కనీసం ఒక వారం పని చేయండి. నాలుగు వేర్వేరు పొలాలను ఒక్కోసారి చూడడం కంటే ఒకే పొలాన్ని నాలుగుసార్లు చూడడం ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే అదే నేల, అదే మంద, అదే మనిషి కాలాన్ని బట్టి ఎలా మారుతున్నారో అప్పుడే కనిపిస్తుంది.

మీరు రాసే మనిషి అని మొదటి రోజే చెప్పాలి. ఏది రాయవచ్చు, ఏది రాయకూడదు, ఫోటోలు ఎక్కడ తీయవచ్చు అన్నది పని మొదలుకాకముందే మాట్లాడుకోవాలి. ఆ తర్వాత నోటుపుస్తకం జేబులో పెట్టి, చెప్పిన పని చేయాలి. పేడ తీయడం, నీళ్లు మోయడం, కంచె బాగుచేయడం మీ స్థాయికి తగ్గ పనులు కావని అనిపిస్తే ఈ మార్గం మీది కాదు. ప్రశ్నలు ఎప్పుడు అడగాలన్నది కూడా నేర్చుకోవలసిన విషయమే. పాలు పితికేటప్పుడు అడగకండి. కొత్త గొంతుకు, కొత్త వాసనకు పశువు బెదిరితే పాలు చేపదు. చేపు రావడానికి కారణమైన ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది కనుక ఆ కాస్త సమయం మాటల్లో పోతే పాలు పొదుగులోనే నిలిచిపోతాయి. గిన్నెలు కడిగేటప్పుడు అడగండి, అప్పుడు ఎవరైనా ఓపికగా చెబుతారు.

పితికే పనిలో ఒక చిన్న భాగాన్ని శ్రద్ధగా గమనించండి. పొదుగు తుడిచాక ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలను పాలచెంబులోకి కాకుండా నల్లని గిన్నెలోకి పిండుతారు. నలుపు మీద తెల్లని పాలు పలచగా పరుచుకున్నప్పుడు, పొదుగువాపు మొదలైన పశువు పాలలో సన్నని రేకులు, నూలుపోగుల్లాంటి తునకలు కనబడతాయి. తెల్లని పాత్రలో అవి కంటికి ఆనవు. పితకడం పూర్తయ్యాక చన్నులను క్రిమిసంహారక ద్రావణంలో ముంచి, పశువు ముందు మేత వేస్తారు. ఆకలి తీర్చడంతో పాటు అందులో మరో ఉద్దేశం ఉంది. చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంట, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది, ఆ లోపల పశువు పేడలో పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి. మేత ఉంటే అది నిలబడే ఉంటుంది. ఇలాంటి ఒక్క చర్య వెనుక ఉన్న కారణాన్ని పట్టుకోగలిగిన రోజున మీరు పొలాన్ని చదవడం మొదలుపెట్టినట్టు.

కాలచక్రం అంకెలు నోటికి రావాలి. ఆవు చూడికాలం సుమారు 280 రోజులు, మేకకు, గొర్రెకు సుమారు 150. ఈనిన తర్వాత పాడి ఆవు దాదాపు పది నెలలు పాలిస్తుంది, తర్వాతి ఈతకు ముందు రెండు నెలల పాటు దాన్ని వట్టిపోనిస్తారు. పాడి చివరి వారాల్లో పాల పరిమాణం తగ్గి కొవ్వు, మాంసకృత్తుల శాతం పెరుగుతుంది. అయినా ఆ పాలు రెన్నెట్‌కు సరిగా గడ్డకట్టకపోవచ్చు. పచ్చిక మేసిన ఆవు పాలలో బీటా కెరోటిన్ వల్ల చీజ్ పసుపు రంగు తేలుతుంది. మేక, గేదె ఆ కెరోటిన్‌ను విటమిన్ ఏగా మార్చుకుంటాయి కనుక వాటి పాలతో చేసిన చీజ్ తెల్లగానే ఉంటుంది. ఈ సంగతి తెలియని రచయితలు తెలుపును స్వచ్ఛతకు, పసుపును రంగు కలపడానికి గుర్తుగా రాయడం నేను చాలాసార్లు చూశాను.

పైరు విషయంలో ఎక్కువ చెప్పను. ఏదో ఒక పంటను విత్తు దగ్గర నుంచి కోత దాకా సొంతంగా పెంచి చూడండి, అదే చాలు. అది పప్పుజాతి పంట అయితే, పూతకు వచ్చే సమయంలో ఒక మొక్కను వేళ్లతో సహా మెల్లగా పెకలించి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తోందని అర్థం. బూడిద రంగులోనో ఆకుపచ్చగానో ఉంటే ఆ పని ఆగిపోయిందని తెలుసుకోవాలి. ఆ గులాబీ రంగుకు కారణమైన పదార్థం, మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ ఒకే కుటుంబానికి చెందినవి. దీన్ని మొదటిసారి తెలుసుకున్న రోజున నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

తర్వాత మాంసం బల్ల

మాంసం కోసే చోట పని నేర్చుకోవడానికి ఆరు నెలలు కేటాయించండి. మొదటి నెల కత్తి కంటే చీపురు, నీళ్ల గొట్టం ఎక్కువగా పట్టుకోవలసి వస్తుంది, దానికి నొచ్చుకోవద్దు. కత్తికి పదును పెట్టడం, కోతల మధ్యలో స్టీల్ కడ్డీ మీద అంచును సరిచేయడం వచ్చాకే ఎముక తీసే పనికి దిగండి. మొద్దుబారిన కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన కత్తి జారితే గాయం లోతుగా అవుతుంది. కత్తి పట్టని చేతికి ఇనుప వలయాల తొడుగు వేసుకోవడాన్ని ఎవరు తేలికగా తీసుకున్నా మీరు మాత్రం మానవద్దు.

నేర్చుకోవలసిన అసలు విద్య కోయడం కాదు, విడదీయడం. తొడ భాగాన్ని బల్ల మీద పెట్టి చూస్తే అది ఒకే ముద్దలా కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కుతూ పోతే ఒక చోట వేలు లోపలికి దిగుతుంది. అదే రెండు కండల మధ్య సందు. అక్కడ తెల్లని పలుచని పొర ఉంటుంది. కత్తి మొనతో ఆ పొరను తాకితే చాలు, ఒక చేత్తో కండను పైకి లాగుతూ ఉంటే దాని బరువుకు అదే విడిపోతుంది. కండలోకి కత్తి దిగిందంటే దారి తప్పినట్టే. నాకు పని నేర్పిన వ్యక్తి రోజుల తరబడి ఒకే మాట చెప్పేవారు: కత్తిని తోయవద్దు, పొర ఎటు పోతే అటు పోనివ్వు. ఆ సందులను వేళ్లు గుర్తుపట్టిన తర్వాత, ఏ భాగాన్ని ఎంతసేపు ఎలా వండాలన్నది వంట పుస్తకం చూడకుండానే ఊహకు అందుతుంది. పశువు నడకలో ఎక్కువ పని చేసే జబ్బ, పిక్క కండల్లో వాటిని పట్టి ఉంచే గట్టి పదార్థం కొల్లాజెన్ ఎక్కువ. అది సుమారు 70 డిగ్రీల సెల్సియస్ పైన, నెమ్మదిగా, తడిలో గంటల తరబడి ఉడికితేనే కరిగి జిలెటిన్ అవుతుంది. నడుము లోపలి వైపున పెద్దగా పని లేకుండా ఉండే కండలో అది తక్కువ కనుక కొద్ది నిమిషాల వేడి చాలు, ఎక్కువైతే పీచుగా మారుతుంది.

పశువు చనిపోయిన తర్వాత కండలో జరిగే మార్పులను ప్రత్యేకంగా చదవండి, ఎందుకంటే మాంసం గురించిన తప్పుడు రాతల్లో అధిక భాగం ఇక్కడే పుడుతుంది. ప్రాణం పోయాక కండలో శక్తి కోసం నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) 7 చుట్టుపక్కల నుంచి 5.5 దరిదాపులకు దిగుతుంది. మాంసానికి రంగు, నిల్వ ఉండే గుణం దాని వల్లే వస్తాయి. వధకు ముందు పశువును దూరం తోలి, ఆకలితో మాడ్చి, భయపెట్టి ఉంటే గ్లైకోజెన్ ముందే ఖర్చైపోతుంది. పీహెచ్ 6 కంటే కిందికి దిగదు. అలాంటి మాంసం ముదురు రంగులో, జిగటగా ఉండి త్వరగా చెడుతుంది. పశువు పట్ల దయ చూపాలని రాసేటప్పుడు ఈ కారణాన్ని కూడా రాయండి, దయకు అది బలం చేకూరుస్తుంది. అలాగే కళేబరాన్ని మరీ త్వరగా చల్లబరిస్తే, అంటే కండ ఇంకా ఆమ్లపూరితం కాకముందే 10 డిగ్రీల కంటే కిందికి దించితే, కండ ముడుచుకుని ఎంత వండినా గట్టిగానే మిగులుతుంది. ఆ తర్వాత సున్నా నుంచి 4 డిగ్రీల మధ్య కొన్ని రోజులో వారాలో వేలాడదీసి ఉంచినప్పుడు కండలోని ఎంజైములే దాని పోగులను మెత్తబరుస్తాయి. పొట్లంలో చేరే ఎర్రని నీటిని రక్తం అని రాయకండి. అది మయోగ్లోబిన్ కలిసిన నీరు. రక్తం వధ సమయంలోనే దాదాపు పోతుంది.

వధను చూడాలా వద్దా అని చాలామంది అడుగుతారు. మాంసం గురించి రాయదలచినవారు అనుమతి తీసుకుని కనీసం ఒక్కసారైనా చూడాలని, కెమెరా లేకుండా, మాట్లాడకుండా చూడాలని నా అభిప్రాయం. చూసిన రోజునే దాని గురించి రాయవద్దు. కొన్ని వారాలు ఆగితే మీ సొంత వణుకు తగ్గి, అక్కడ పని చేసినవారి ఒడుపు, పశువును వారు నడిపించిన తీరు గుర్తుకు వస్తాయి. రాయవలసింది అదే.

ప్రతి కళేబరాన్నీ తూకం వేసి లెక్క రాసుకోండి. బతికి ఉన్న గొర్రె బరువులో కళేబరం సుమారు సగమో అంతకు కాస్త తక్కువో ఉంటుంది. అందులో ఎముక ఎంత, కొవ్వు ఎంత, ముక్కలుగా మిగిలినది ఎంత, రెండు రోజుల్లో నీరుగా ఇంకిపోయినది ఎంత అని పట్టిక వేయండి. నాలుగైదు పట్టికలు పూర్తయ్యేసరికి మెత్తని ముక్కలు ఎంత కొద్దిగా వస్తాయో, మిగతా శరీరాన్ని వండే పద్ధతులు రాయడం ఎంత అవసరమో మీకే తెలుస్తుంది.

చివరగా చీజ్ గది

చీజ్‌ను చివరికి ఉంచమనడానికి కారణం, అది మొదటి రెండు చోట్లా జరిగిన ప్రతి పొరపాటునూ బయటపెడుతుంది. పొదుగువాపుకు మందు వాడిన ఆవు పాలను, మందు ప్రభావం తగ్గే గడువు ముగియకముందే కలిపితే అందులోని యాంటీబయాటిక్ తోడు బాక్టీరియాను చంపేస్తుంది. పాలు పులవవు, ఆ రోజు తయారీ మొత్తం పోతుంది. నల్లని గిన్నె దగ్గర మీరు చూసిన ఆ రేకుల విలువ ఇక్కడ తెలిసివస్తుంది.

ముందు ఇంట్లో 10 లీటర్ల పాలతో చేసి చూడండి. ఆవు పాలతో చేసే గట్టి చీజ్ అయితే అంత పాలకు ఇంచుమించు ఒక కిలో వస్తుంది. పాలు పాశ్చరైజ్ చేసినవై ఉండాలి, అంటే 63 డిగ్రీల దగ్గర అరగంట లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసినవి. నెలల తరబడి నిల్వ ఉండేలా అత్యధిక వేడికి గురిచేసిన పాలు పనికిరావు. ఆ వేడికి పాల తేటలోని మాంసకృత్తులు గడ్డగా మారే కేసీన్ అనే మాంసకృత్తి కణాల మీద అతుక్కుని రెన్నెట్ పనిని అడ్డుకుంటాయి. పచ్చిపాలతో చేయడం నేర్పున్నవారి పర్యవేక్షణలోనే జరగాలి, ఎందుకంటే క్షయ, బ్రూసెల్లోసిస్ అనే పశువుల జ్వరం, లిస్టీరియా అనే బాక్టీరియా వంటివి పాల ద్వారా వస్తాయి. లిస్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది కనుక గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

పాలను 30 నుంచి 32 డిగ్రీల దాకా వెచ్చబెట్టి, తోడు బాక్టీరియా వేసి, అది పని మొదలుపెట్టాక చల్లని నీటిలో కలిపిన రెన్నెట్‌ను పోసి ఒక నిమిషం కలియబెట్టి వదిలేయాలి. తర్వాత పాత్రను కదపకూడదు. ముప్పావు గంట లోపల పాలు గడ్డకడతాయి. ఈనాడు ఎక్కువ చోట్ల వాడే రెన్నెట్ దూడ పొట్టలోది కాదు, అదే ఎంజైమును సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తున్నారు. ఎవరు ఏది వాడుతున్నారో అడిగి రాయడం మీ బాధ్యత, ఎందుకంటే ఎందరో పాఠకులకు అది విశ్వాసానికి సంబంధించిన విషయం.

గడ్డను ఎప్పుడు కోయాలన్నదే ఈ విద్యలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కాలం నిలబెట్టిన ప్రశ్న. గడియారం దీనికి సరిపోదు. కత్తిని ఏటవాలుగా గుచ్చి, చదునైన వైపుతో మెల్లగా పైకెత్తండి. గడ్డ అంచులు నునుపుగా, గాజు పగిలినట్టు సూటిగా విడిపోయి, ఆ చీలికలోకి లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తేట ఊరితే సమయం వచ్చినట్టు. అంచులు చిరిగినట్టుండి తేట పాలలా తెల్లగా ఉంటే ఇంకా ఆగాలి, తొందరపడితే కొవ్వు తేటతో పాటు కొట్టుకుపోతుంది. మెత్తని చీజ్‌కు పెద్ద ముక్కలుగా, ఏళ్ల తరబడి మాగవలసిన గట్టి చీజ్‌కు గోధుమగింజంత చిన్నవిగా కోస్తారు. ముక్క చిన్నదైన కొద్దీ తేట ఎక్కువగా బయటికి పోతుంది, తేమ తగ్గిన కొద్దీ చీజ్ నిలుస్తుంది. తర్వాత వేడి పెంచడం, వడగట్టడం, ఒత్తడం, ఉప్పు పట్టించడం అన్నీ ఈ తేమను అదుపులో పెట్టే పనులేనని గుర్తుంచుకుంటే, వందల రకాల చీజ్‌ల మధ్య తేడాలు ఒక్కసారిగా అర్థమవుతాయి.

మాగబెట్టే గదిలో 10 నుంచి 13 డిగ్రీల చల్లదనం, 80 నుంచి 95 శాతం దాకా తేమ సాధారణంగా ఉంచుతారు. అక్కడి పని తిప్పడం, తుడవడం, వాసన చూడడం, మళ్లీ తిప్పడం. చీజ్ గదిలో పని చేసే రోజు ముందు అక్కడికే వెళ్లండి, పాకకు తర్వాత వెళ్లండి. పాకలో వేసుకున్న బట్టలతో, చెప్పులతో ఈ గదిలో అడుగు పెట్టరాదు. ఇక కడగడం గురించి చెప్పాలి, ఎందుకంటే రోజులో సగం పని అదే. పాలు తగిలిన పాత్ర మీద మొదటే మరిగే నీళ్లు పోయకండి, మాంసకృత్తులు అతుక్కుని పొరకడతాయి. గోరువెచ్చని నీటితో తొలిచి, ఆ తర్వాతే వేడినీళ్లు, సబ్బు వాడాలి. కాలక్రమంలో పేరుకునే ఖనిజాల పొరను అప్పుడప్పుడు ఆమ్లంతో తీయాలి.

నేర్చుకున్నది రాతలోకి

నోటుపుస్తకాన్ని మొదటి నుంచీ రెండు భాగాలుగా పెట్టుకోండి. ఒకవైపు మీరు కళ్లారా చూసినది, చేత్తో చేసినది, మరోవైపు ఎవరో చెప్పినది. ఏడాది తర్వాత తిరగేస్తే రెండూ ఒకేలా జ్ఞాపకం ఉంటాయి, అప్పుడు ఈ గీతే మిమ్మల్ని కాపాడుతుంది. చెప్పినవారు అనుభవజ్ఞులే అయినా, వారు చెప్పిన కారణం సరైనదై ఉండాలని లేదు. వారి చేయి తప్పు చేయదు కానీ ఆ పని వెనుక వారు ఊహించిన కారణం తప్పు కావచ్చు. చేయి చేసిన పనిని యథాతథంగా రాసి, కారణాన్ని విడిగా నిర్ధారించుకోండి.

వారి మాటలను వారి పనిలో పలికినట్టే వాడండి. చేపడం, వట్టిపోవడం, ఈత, సందు, తేట వంటి మాటలకు బరువైన పర్యాయపదాలు వెతకనవసరం లేదు. రాసిన సాంకేతిక భాగాన్ని అచ్చుకు ముందు ఆ పని చేసేవారికి చదివి వినిపించండి. పొగడ్తలు, అభిప్రాయాలు వినిపించకండి, అవి మీవి. ఉష్ణోగ్రతలు, సమయాలు, పని వరుస మాత్రం వారు సరిచూడాలి. నేను మొదట చెప్పిన తప్పు, ఇలా ఒక్కసారి చదివి వినిపించి ఉంటే అచ్చయ్యేది కాదు.

మీ పరిచయంలో ఈ నేపథ్యాన్ని ఎలా చెప్పుకోవాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. పది రోజులు పాలు పితికినవారు తమను రైతుగా రాసుకోవడం, జీవితమంతా ఆ పనిలో ఉన్నవారికి అన్యాయం. ఎన్ని నెలలు, ఏ పని, ఎవరి పర్యవేక్షణలో చేశారో సూటిగా చెప్పండి. పనికి బదులుగా భోజనం, బస, సరుకులు తీసుకుని ఉంటే అదీ చెప్పండి, ఆ చోటు గురించి రాసిన ప్రతిసారీ చెప్పండి. చేయని పనిని కూడా రాయండి. నా పరిచయంలో ఇప్పటికీ ఇలాగే ఉంటుంది: ఒక పాడి పొలంలో నాలుగు రుతువులు, మాంసం బల్ల దగ్గర ఏడు నెలలు, చీజ్ గదిలో రెండు కాలాలు పనిచేశాను. పశువును స్వయంగా వధించలేదు, ఏడాదికి మించి మాగిన చీజ్‌ను సొంతంగా తయారు చేయలేదు. ఏడాదికొకసారి ఈ వాక్యాలను తీసి, అప్పటికి ఏవి మారాయో చూసి సరిదిద్దుకుంటాను.